ముట్టుకోకుండా దగ్గర చేసే పనితనం

లకుముకి పిట్టల్లో నలుపూ తెలుపూ కలిసిన రకం ఒకటుంది. గండిపేట నీళ్ల మీద, గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడుతుంది. ఒళ్లంతా అల్లల్లాడుతున్నా తల మాత్రం కదలదు. ఉన్నట్టుండి రెక్కలు ముడిచి రాయి పడ్డట్టు నీళ్లలో పడుతుంది. గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు ఇంతవరకు కనిపిస్తుంది. బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. రొమ్ము మీద రెండు నల్ల పట్టీలుంటే మగది. ఒకటే పట్టీ ఉండి, అదీ మధ్యలో తెగి ఉంటే ఆడది.

ఆ తెగిన పట్టీని మొదటిసారి చూసిన పొద్దు నాకు బాగా గుర్తు. పిట్ట నాకు నూరు గజాల దూరంలో ఉంది. నేనొకణ్ణి అక్కడ ఉన్నానన్న సంగతే దానికి పట్టలేదు. చేప దొరికింది, కొమ్మ మీదికి తెచ్చుకుంది, కొమ్మకేసి కొట్టింది, మింగింది. ఆ నాలుగు నిమిషాలూ నేను దాని ఇంట్లో కూర్చున్నట్టే ఉంది. పిట్టను చూసిన సంతోషం ఒక ఎత్తు, దాన్ని అలా చూపించిన వస్తువు మీద కలిగిన గౌరవం మరో ఎత్తు. ఈ వ్యాసం ఆ గౌరవం గురించి.

నేనుండేది హైదరాబాద్‌లోని కోకాపేటలో. ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలం వేస్తే ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. అప్పటినుంచి ఊరి పేరు ధరతోనే వినబడుతోంది. కొనేవాళ్లకు బిల్డర్లు ముందుగా చెప్పే మాట లేక్ వ్యూ. ఆ మాటలో అబద్ధం లేదు. పడమట గండిపేట చెరువు ఉంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు కట్టి, 1920 నాటికి పూర్తి చేసిన ఉస్మాన్ సాగర్ అదే. తూర్పున, గాలిదారిలో సుమారు ఏడు కిలోమీటర్ల దూరంలో గోల్కొండ కోట ఉంది. అయితే ఇరవయ్యో ముప్ఫయ్యో అంతస్తు నుంచి చెరువు ఒక వెండి రేకులాగా, కోట ఒక గోధుమరంగు మరకలాగా కనిపిస్తాయి. ఆ రేకులో నీళ్లనూ ఆ మరకలో గోడలనూ చూడాలంటే మధ్యలో ఇంకొకరి చెయ్యి పడాలి. గాజు నూరినవాడి చెయ్యి అది.

ఈ వస్తువుకు మనకో పాత పేరుంది: దుర్భిణి. పారసీలో దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. ఆ దూర్‌బీన్ ఉర్దూలోకి, అక్కడినుంచి మన నోటికి వచ్చింది. ఏదైనా వస్తువు ఎంత వెతికినా దొరక్కపోతే "దుర్భిణి వేసి వెతికినా కనిపించడం లేదు" అంటాం. ఇప్పుడందరం బైనాక్యులర్సే అంటున్నాం కాబట్టి నేనూ ఆ మాటే వాడతాను.

రెండు గొట్టాల చిక్కు

ఒంటి కంటితో చూసే దూరదర్శిని 1608లో వెలుగులోకి వచ్చింది. హాలండ్‌లోని మిడిల్‌బర్గ్‌లో కళ్లద్దాలు చేసే హాన్స్ లిపర్‌షే తన పరికరానికి హక్కులు ఇవ్వమని అక్కడి ప్రభుత్వాన్ని అడిగాడు. ప్రభుత్వం వెంటనే అడిగిన కోరికల్లో ఒకటి ఏమిటంటే, రెండు కళ్లతోనూ చూసేలా చేసి తెమ్మని. అంటే దూరదర్శిని పుట్టిన ఏడాదిలోనే బైనాక్యులర్స్ ఆలోచన కూడా పుట్టింది. అది చేతిలో పట్టుకుని హాయిగా చూడగలిగే రూపానికి రావడానికి మాత్రం దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది.

ఎందుకు అన్ని ఏళ్లు? రెండు గొట్టాలు పక్కపక్కన కట్టేస్తే సరిపోదు. కుడి గొట్టం ఎంత పెద్దది చేసి చూపిస్తుందో ఎడమది కూడా సరిగ్గా అంతే చూపించాలి. రెండూ ఒకే చోటికి గురిపెట్టి ఉండాలి. అందులో వెంట్రుకవాసి తేడా ఉన్నా మెదడు రెండు బొమ్మలనూ కలపలేక సతమతమవుతుంది. అడ్డంగా కొద్దిపాటి తేడా ఉంటే కళ్లు సర్దుకుంటాయి, ఎందుకంటే దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరగడం వాటికి రోజూ అలవాటే. నిలువులో తేడా వస్తే మాత్రం సర్దుకోలేవు. ఒక కన్ను పైకీ ఒక కన్ను కిందికీ చూడాల్సిన అవసరం మనిషికి ఎప్పుడూ రాలేదు కదా. పది నిమిషాలు తిరిగేసరికి కణతలు లాగేస్తాయి.

ఇంకో చిక్కు బొమ్మ తలకిందులు కావడం. రెండు కుంభాకార కటకాలతో చేసిన దూరదర్శిని విశాలంగా, చక్కగా చూపిస్తుంది కానీ లోకాన్ని తిరగేసి చూపిస్తుంది. నక్షత్రాలు చూసేవాళ్లకు అది పట్టింపు కాదు. గట్టు మీద పిట్టను చూసేవాళ్లకు కుదరదు. తిరగబడిన బొమ్మను మళ్లీ నిలబెట్టే ఉపాయాన్ని ఇటలీవాడైన ఇగ్నాజియో పోరో 1854లో పేటెంట్ చేశాడు. రెండు గాజు పట్టకాలతో కాంతిని నాలుగు మలుపులు తిప్పడమే ఆ ఉపాయం. దానికి తగ్గ శుభ్రమైన గాజు అప్పటికి లేదు. జర్మనీలోని యేనాలో ఒటో షాట్ కొత్త రకాల గాజు కరిగించడం మొదలుపెట్టాక, అదే ఊళ్లో జైస్ సంస్థలో పనిచేసే ఎర్నస్ట్ అబ్బే లెక్కలు సిద్ధంగా పెట్టుకున్నాక, 1894లో జైస్ బైనాక్యులర్స్ బజారుకు వచ్చాయి. నేటికీ మనం వాడేవి వాటి సంతతే.

కోఠిలో విప్పి చూసినప్పుడు

ఇదంతా పుస్తకాల్లో చదివినప్పుడు తలకెక్కలేదు. కోఠిలో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన బల్ల ముందు కూర్చున్నాక అర్థమైంది. మా బాబాయి వాడిన పాత బైనాక్యులర్స్ ఎన్నో వానాకాలాలు బీరువాలో ఉండిపోయి, లోపల బూజు పట్టాయి. కటకం మీద సాలెగూడులా సన్నని పోగులు. బాగవుతుందా అని అడిగితే ఆయన సమాధానం చెప్పకుండా నల్లగుడ్డ పరిచి విప్పడం మొదలుపెట్టారు.

మొదట బయటికొచ్చింది పట్టకం. అగ్గిపెట్టె కంటే కాస్త చిన్నది. మూడు మూలల గాజు దిమ్మె. ఆయన దాన్ని అంచుల దగ్గర పట్టుకుని నా ముందు పెట్టారు.

"దీని వెనక రసం పూయలేదు బాబూ. అయినా మొహం కనిపిస్తుంది చూడు."

చూశాను. మధ్య అంచు అడ్డంగా ఉండేలా పట్టుకుంటే నా ముఖం తలకిందులుగా కనిపించింది. ఆయన దిమ్మెను పావువంతు తిప్పి అంచు నిలువుగా పెట్టారు. ఈసారి ముఖం నిలబడే ఉంది కానీ, కుడి కన్ను కొడితే ఇంట్లో అద్దంలో కనిపించే పక్కన కాకుండా అటు పక్కన కొట్టింది. అప్పుడు తెలిసింది పోరో ఉపాయం. ఒక పట్టకం కింద మీదులను సరిచేస్తుంది, దానికి అడ్డంగా పెట్టిన రెండోది కుడి ఎడమలను సరిచేస్తుంది. రెండూ కలిస్తే లోకం మళ్లీ లోకంలా ఉంటుంది.

రసం లేని గాజు అద్దంలా పనిచేయడానికి కారణం సంపూర్ణాంతర పరావర్తనం. ఇంటర్‌లో అందరం చదివిన మాటే. గాజులోపలినుంచి వచ్చే కాంతి ఒక హద్దును మించిన ఏటవాలుగా ఉపరితలాన్ని తాకితే బయటికి పోలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఇంట్లో అద్దమైతే కొంత కాంతిని మింగుతుంది. ఇక్కడ మింగుడు లేదు. నాలుగు మలుపులు తిరిగినా వెలుగు తరగదు. ఆ ఉపరితలం మీద బూజో వేలిముద్రో పడితే మాత్రం అక్కడ కాంతి కారిపోతుంది. అందుకే ఆయన వేలు ఒక్కసారి కూడా ఆ ముఖాలను తాకలేదు.

ఇంకా దగ్గరగా చూస్తే పనితనం బయటపడుతూ వచ్చింది. పట్టకం వెడల్పు ముఖం మీద, సరిగ్గా మధ్యలో ఒక సన్నని గాడి కోసి ఉంది. దారి తప్పిన కాంతి అటునుంచి ఇటు గెంతి బొమ్మను మసక చేయకుండా అడ్డుకునే గాడి అది. కాంతి పనిలేని పక్క ముఖాలను గరుకుగా నూరి నల్లరంగు పూశారు. గొట్టం లోపలి గోడలకు కూడా మెరుపు లేని నలుపే. చూసేవాడికి ఎప్పుడూ కనిపించని చోట ఇంత శ్రద్ధ. ఆలయ గోపురం పైఅంతస్తు శిల్పాల వెనుక వైపు కూడా చెక్కి వదిలినవాళ్ల చేతులు గుర్తొచ్చాయి.

బూజు తుడిచి, పట్టకాలు తిరిగి బిగించాక అసలు పని మొదలైంది. పట్టకాన్ని అటూ ఇటూ వాల్చే బుడ్డ స్క్రూలు ఉంటాయి. ఆయన స్టాండుకు బిగించిన బైనాక్యులర్స్‌ లోంచి వీధి అవతలి మేడ పిట్టగోడను చూశారు. కళ్లను కొద్దిగా వెనక్కి తీసుకుని చూస్తే రెండు బొమ్మలు విడివిడిగా కనిపిస్తాయి. ఎడమ బొమ్మలో పిట్టగోడ గీత, కుడి బొమ్మలో పిట్టగోడ గీత ఒకే ఎత్తులో ఉండాలి. స్క్రూను గోరంత తిప్పడం, చూడటం, మళ్లీ తిప్పడం. ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి నా చేతికిచ్చి, "కళ్లు మరిచిపోవాలి. మరిచిపోయాయంటే కుదిరినట్టే" అన్నారు.

ఆ మాట కంటే మంచి కొలబద్ద ఈ వస్తువుకు నాకింకోటి దొరకలేదు. కొనడానికి వెళ్లినవాళ్లు కూడా ఇదే పరీక్ష చేయవచ్చు. కోకాపేటలో అయితే దూరాన కడుతున్న టవర్ స్లాబుల గీతలు, క్రేన్ చేతులు ఎటు చూసినా ఉన్నాయి. రెండు గుండ్రాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉందా అని చూస్తే చాలు.

కనిపించని పూత

కటకాల మీద పడే కాంతిలో కొంత లోపలికి పోకుండా వెనక్కి తిరుగుతుంది. ఏ పూతా లేని గాజు ఉపరితలం ఒక్కోటీ సుమారు 4 నుంచి 5 శాతం కాంతిని తిప్పికొడుతుంది. ఒక్కటైతే లెక్కలోకి రాదు. కానీ ఒక గొట్టంలో గాలీ గాజూ కలిసే ఉపరితలాలు పది ఉన్నాయనుకుందాం. ఒక్కోచోట 5 శాతం పోతే చివరికి కంటికి చేరేది 60 శాతమే. మిగిలిన 40 శాతం ఊరికే పోదు, గొట్టంలో అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద పల్చని పాలపొరలా పరుచుకుంటుంది. నలుపు నలుపుగా ఉండదు.

1935లో జైస్ సంస్థలో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా దీనికి విరుగుడు పేటెంట్ చేశాడు. గాలి లేని గదిలో కటకం మీద ఒక లవణాన్ని ఆవిరి చేసి పల్చని పొరగా పేరుస్తారు. తర్వాతి కాలంలో ఎక్కువగా వాడింది మెగ్నీషియం ఫ్లోరైడ్. పొర మందం కాంతి తరంగంలో నాలుగో వంతు ఉండాలి. ఆకుపచ్చ కాంతికి లెక్కవేస్తే అది సుమారు 100 నానోమీటర్లు. మనిషి తలవెంట్రుక మందంలో ఏడువందలో వంతు అనుకోవచ్చు. పొర పైముఖం నుంచి తిరిగొచ్చే తరంగమూ, కింది ముఖం నుంచి తిరిగొచ్చే తరంగమూ ఒకదానికొకటి ఎదురై చల్లారిపోతాయి. వెనక్కి పోవలసిన వెలుగు ముందుకే సాగుతుంది. ఇప్పుడు అలాంటి పొరలు ఒకదాని మీద ఒకటి చాలా వేస్తారు. ఒక్కో ఉపరితలం దగ్గర నష్టం అర శాతానికి దిగుతుంది. అదే పది ఉపరితలాల లెక్కలో ఇప్పుడు కంటికి 95 శాతం చేరుతుంది.

దీన్ని దుకాణంలోనే చూడవచ్చు. ట్యూబ్‌లైటు కింద ముందు కటకాన్ని వాల్చి చూడండి. లైటు నీడ తెల్లగా మెరిస్తే పూత లేనట్టు. లేత నీలంగా ఉంటే ఒక పొర. ముదురు ఆకుపచ్చా ఊదా కలిసి, ఆ నీడ కూడా మందంగా, లోతుగా ఉంటే చాలా పొరలు. లోపలి కటకాల నీడలు కూడా ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి, వాటిలో ఒక్కటి తెల్లగా ఉన్నా అక్కడ పూత ఎగ్గొట్టారని అర్థం. ఎరుపు, నారింజ రంగుల్లో అద్దంలా తళతళలాడే కటకాలు చూడటానికి ఆకర్షణగా ఉంటాయి. అవి ఆ రంగు కాంతిని మన కంటికి చేరనివ్వకుండా బయటికే విసిరేస్తున్నాయి.

ఇక నేను రోజూ వాడే బైనాక్యులర్స్ నిటారు గొట్టాలవి. వీటి పట్టకాలను రూఫ్ ప్రిజమ్ అంటారు, ఎందుకంటే ఒక ముఖం ఇంటి దూలం మీది రెండు వాలుల్లా ఉంటుంది. ఆ రెండు వాలుల మధ్య కోణం తొంభై డిగ్రీలే ఉండాలి. అందులో తేడా కొన్ని ఆర్క్ సెకన్లకు మించితే బొమ్మ రెండుగా చీలుతుంది. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ఇంత చేసినా ఇంకో ఇబ్బంది మిగిలింది. కాంతి తరంగంలో సగం ఒక వాలు మీదుగా, సగం ఇంకో వాలు మీదుగా వెళ్లి మళ్లీ కలిసేసరికి వాటి లయ తప్పుతుంది. సన్నని గీతలు మసకబారుతాయి. 1988లో జైస్ వాళ్లు ఆ వాలుల మీద లయను సరిచేసే పూత తెచ్చారు. పిట్ట ఈకల్లో ఒక్కో పోగూ విడిగా కనిపించడం వెనుక ఈ పూత ఉంది.

ఆ గొట్టాల్లో గాలికి బదులు పొడి నత్రజని నింపి రబ్బరు రింగులతో మూసేస్తారు. వానాకాలంలో ఏసీ గదిలోంచి బాల్కనీలోకి వస్తే దాని విలువ తెలుస్తుంది. బయటి కటకం మీద క్షణంలో తేమ పట్టేస్తుంది, మెత్తటి గుడ్డతో అద్దితే పోతుంది. లోపల మాత్రం చుక్క తేమ ఉండదు. మా బాబాయి బైనాక్యులర్స్‌కు ఆ భాగ్యం ఉంటే బూజు దరిచేరేదే కాదు.

ఎనిమిది, నలభై రెండు

బైనాక్యులర్స్ మీద 8x42 అని రాసి ఉంటే మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గర చేస్తుందో చెబుతుంది. రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. మొదటిది ఎక్కువుంటే మంచిదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పన్నెండు రెట్లవి పట్టుకుని గోల్కొండ వైపు చూస్తే కోట ఊగిపోయింది. కోట ఊగడం లేదు, నా గుండె కొట్టుకుంటోంది. చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. చేత్తో పట్టుకుని చూడటానికి ఎనిమిది రెట్లు నిలకడైన అంకె. ఏడు కిలోమీటర్ల కోట తొమ్మిది వందల మీటర్ల లోపుకు వస్తుంది. అంతకంటే ఆశపడితే స్టాండు కావాలి.

రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది కంటికి చేరే వెలుగు బిందువు వెడల్పు. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. బైనాక్యులర్స్‌ను చేతిచాపు దూరంలో పట్టుకుని ఆకాశం వైపు చూస్తే కంటి కటకంలో ఆ బిందువు కనిపిస్తుంది. నిండు గుండ్రంగా, చందమామలా ఉండాలి. అంచులు నలిగి చదరంగా, మూలల్లో బూడిదరంగు నీడలతో ఉంటే లోపల తక్కువ రకం గాజు పట్టకాలున్నట్టు. అంచుల దగ్గర ఏటవాలు చాలక కాంతి బయటికి కారిపోతోందన్నమాట. ఎండలో మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది కాబట్టి చిన్న బిందువైనా సరిపోతుంది. సంధ్యవేళ పాప విప్పుకుంటుంది. అప్పుడు ఐదు మిల్లీమీటర్ల బిందువు ఇచ్చే వెలుగులో, చుట్టూ మసకబారిన చెరువు ఇంకో పావుగంట వెలుతురుగానే ఉంటుంది.

ఎంత మంచి వస్తువైనా మన కళ్లకు అమర్చుకోకపోతే దాని పనితనం మనదాకా రాదు. చాలామంది ఈ పని ఒక్కసారి కూడా చేయరు. మధ్య మడతను వంచి రెండు గుండ్రాలూ ఒకే గుండ్రం అయ్యేదాకా దగ్గరికి తేవాలి. కుడి కన్ను మూసి, మధ్య చక్రం తిప్పి ఎడమ కంటికి బొమ్మ స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగు తిప్పి అదే వస్తువును స్పష్టం చేసుకోవాలి. మన రెండు కళ్లకు చూపులో ఉండే తేడాను ఆ రింగు భరిస్తుంది. ఒకసారి కుదిరాక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పేసుకోవాలి. జోడుతోనే మొత్తం బొమ్మ కనిపించాలంటే కంటి కటకం నుంచి కనీసం 15 మిల్లీమీటర్ల వెనుక కన్ను ఉన్నా చూడగలిగే నమూనా తీసుకోవాలి.

మా వీధిలో ఎక్కువమంది బతుకు స్క్రీన్ ముందే. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన్ని ఇరవై సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. బాగా అమర్చిన బైనాక్యులర్స్ లోంచి కిరణాలు సమాంతరంగా బయటికొస్తాయి, కాబట్టి కంటి లోపలి కండరం దూరాన్ని చూసేటప్పటిలాగే వదులుగా ఉంటుంది. అదీ రెండు కళ్లతో చూడటం వల్ల ఒక కన్ను బిగించి మూసే శ్రమ కూడా లేదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత, సూర్యుడు మన వీపువైపు ఉన్నప్పుడు తూర్పుకు తిరిగి చూడండి. తారామతి బారాదరి కమానులు ముందు కనిపిస్తాయి. ఆ వెనుక కొండ మీద కోట గోడలు ఒకదాని పైన ఒకటి మెట్లలా లేస్తాయి. కాస్త ఎడమకు జరిపితే కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు. మధ్యాహ్నం మాత్రం ప్రయత్నించకండి. వేడి గాలి అలల్లా లేస్తుంటే ఏ గాజూ దాన్ని ఆపలేదు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. సూర్యుడి వైపు ఎప్పుడూ తిప్పకూడదు, ఒక్క క్షణం చాలు చూపు పోవడానికి. ఎదుటి టవర్ కిటికీల వైపు, బాల్కనీల వైపు కూడా తిప్పకూడదు. దూరాన్ని దగ్గర చేసే వస్తువు చేతిలో ఉన్నవాడు ఎవరి దూరాన్ని వాళ్లకు వదిలేయడం నేర్చుకోవాలి.

కొమ్మ మీది పిట్ట కొమ్మ మీదే

హైదరాబాద్ రాజ్యంలోని పక్షులను మొదటిసారి పద్ధతిగా లెక్కలోకి తెచ్చింది సలీం అలీ. నిజాం ప్రభుత్వం సాయంతో 1931-32లో ఆయన ఆ సర్వే చేశారు. ఆ రోజుల్లో పక్షిశాస్త్రం తుపాకీ మీద నడిచేది. పిట్టను కాల్చి, చర్మం ఒలిచి, దూది కూరి, చీటీ కట్టి మ్యూజియానికి పంపితేనే చూసినట్టు రుజువు. సర్వేలన్నీ అలాగే జరిగేవి. తర్వాతి తరాల చేతికి మంచి కటకాలు వచ్చాయి. 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, సభ్యులు మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోటుపుస్తకంతో చెరువుల వెంట తిరుగుతారు. తెగిన పట్టీని చూసి ఆడదని రాసుకోవడానికి ఇప్పుడు పిట్టను కిందికి దించనక్కర్లేదు. అది కొమ్మ మీద ఉండగానే పేజీలోకి వస్తుంది. గాజు నూరినవాళ్లూ పూత పూసినవాళ్లూ ఇది తలచుకుని చేసి ఉండకపోవచ్చు. వాళ్ల పనితనం పిట్టకు చేసిన మేలు మాత్రం ఇదే.

ఈ మాట దసరాకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ రోజు పాలపిట్టను చూస్తే శుభమని మన నమ్మకం. అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆ నమ్మకాన్ని ఆసరా చేసుకుని పిట్టలను పట్టి, బోనుల్లో పెట్టి, చూపించి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పిట్ట పరంగా చూస్తే అంతకంటే పెద్ద మాట కావాలి.

పోయిన దసరాకు మా అమ్మను తీసుకుని గండిపేట వైపు వెళ్లాను. రోడ్డు దిగి పొలాల దారి పట్టాక, కరెంటు తీగ మీద ఒకటి కూర్చుని ఉంది. దూరంగా ఆగాం. అమ్మకు అది మట్టిరంగు చుక్కలా కనిపించింది. కళ్లజోడు తీయవద్దని చెప్పి, రబ్బరు కప్పులు లోపలికి తిప్పి, మడత ఆమె కళ్లకు సరిపోయేలా వంచి చేతికిచ్చాను. మధ్య చక్రం ఆమే తిప్పుకుంది. వేలు ఒకచోట ఆగింది.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "గొంతు మీద తెల్ల గీతలున్నాయిరా, గోటితో గీసినట్టు" అంది.

పిట్ట తల వంచి రెక్క కింద ముక్కుతో దువ్వుకుంది. మమ్మల్ని చూడలేదు. మాకూ దానికీ మధ్య ఉన్న దూరం అలాగే ఉంది. తర్వాత తీగ వదిలి లేచింది. కూర్చున్నప్పుడు కనిపించని రెండు నీలాలు, ముదురూ లేతా, రెక్కల్లో పరుచుకున్నాయి. అమ్మ బైనాక్యులర్స్ దించకుండానే పిట్ట వెంట మెల్లగా తిరిగింది. అది జమ్మిచెట్టు దాటి చెరువు వైపు పోయేదాకా తిరుగుతూనే ఉంది.

నాకు తిరిగి ఇచ్చేటప్పుడు వస్తువు గురించి ఒక్క మాటా అనలేదు. పట్టకాల గురించి, పూతల గురించి అడగలేదు. అసలు చేతిలో ఏదైనా ఉందన్న ధ్యాసే ఉన్నట్టు లేదు. కోఠి పెద్దాయన గుర్తొచ్చారు. కళ్లు మరిచిపోయాయి. కుదిరినట్టే.